సముద్ర గుర్రానికి పగడాల తోట సరిపడదు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం అనగానే చాలామంది ఊహించుకునే బొమ్మ ఒకటే. నీలం వెలుగులో ఊగే పగడాలు, వాటి చుట్టూ తిరిగే నారింజ రంగు క్లౌన్ చేపలు, ఓ కొమ్మకు తోక చుట్టుకుని నిటారుగా నిలబడ్డ సముద్ర గుర్రం. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఈ మూడింటినీ నిజంగా ఒకే తొట్టిలో పెడితే అందరికంటే ముందు చచ్చిపోయేది సముద్ర గుర్రమే. బలమైన ప్రవాహం, ఎక్కువ వెలుగు, కాస్త వెచ్చటి నీళ్ళు, చురుకైన చేపల సావాసం రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే తొట్టిలో, మామూలే. సముద్ర గుర్రానికి మాత్రం వీటిలో ఏదీ పెద్దగా పడదు. ఎందుకో తెలియాలంటే ముందు దాని ఒంటి తీరు చూడాలి.

పేరుకు గుర్రమైనా అది చేపే. మొప్పలతోనే ఊపిరి తీసుకుంటుంది. పొలుసులకు బదులు చర్మం కింద ఎముక పలకలు వలయాలుగా పేర్చి ఉంటాయి. చేపను ముందుకు తోసే తోకరెక్క దీనికి లేదు. వీపు మీదున్న చిన్న రెక్కను సెకనుకు 30 సార్లకు పైగా ఆడిస్తుంది, అయినా ముందుకు సాగేది కొంచెమే. అందుకే దాని బతుకంతా ఈత మీద కాకుండా పట్టు మీద నడుస్తుంది. ఆ పట్టు తోకది. తోకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాకుండా చతురస్రంగా ఉంటుంది. 2015లో అమెరికా పరిశోధకులు గుండ్రటి తోకకూ చతురస్రపు తోకకూ త్రీడీ ప్రింటర్‌తో నమూనాలు చేసి, మెలిపెట్టి, నలిపి చూశారు. చతురస్రపుదే నలుగుడును బాగా తట్టుకుంది. కొమ్మకు ఆనుకునే భాగం కూడా దానికే ఎక్కువ.

ఇలాంటి జీవి సముద్రంలో ఎక్కడుంటుంది? ఎక్కువ జాతులు సముద్రపు గడ్డి మైదానాల్లో, మడ చెట్ల వేళ్ళ దగ్గర, స్పాంజీలున్న నిదానపు నీళ్ళలో ఉంటాయి. సముద్రపు విసనకర్రలనే (సీ ఫ్యాన్) పగడాల మీద దాక్కునే వేలిగోరంత మరుగుజ్జు జాతులు కొన్ని పగడాల దిబ్బల్లోనూ ఉన్నాయి గానీ, వాటిని ఇంట్లో బతికించాలని చూడటం అన్యాయం. అవి ఫలానా విసనకర్రను వదిలి ఉండలేవు. ఇళ్ళలో పెంచడానికి నప్పే జాతుల్లో ఒకటి అమెరికా అట్లాంటిక్ తీరపు హిప్పోక్యాంపస్ ఎరెక్టస్. ఒంటి మీద సన్నని గీతలుంటాయి. అమెరికాలో ఉండే మనవాళ్ళెవరైనా ఈ అభిరుచిలోకి దిగాలనుకుంటే దీనితో మొదలుపెట్టడం మేలు.

తొట్టి వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. తోక చాపి కొలిచిన పొడవుకు కనీసం మూడు రెట్లు ఉండాలి, అంటే 45 నుంచి 50 సెంటీమీటర్లు. ఆడ, మగ కలిసి నీళ్ళలో నిలువునా పైకి లేస్తూ జతకడతాయి. లోతు చాలకపోతే ఆడది గుడ్లను మగదాని సంచిలో పెట్టలేక జారవిడుస్తుంది. చర్మం కింద, తోకలో, సంచిలో గాలి బుడగలు చేరే జబ్బు కూడా లోతు తక్కువున్న తొట్లలో ఎక్కువని పెంచేవాళ్ళ అనుభవం. ఒక జతకు వంద లీటర్లకు పైగా నీళ్ళుండాలి. నీటి వేడి 22, 23 డిగ్రీల దగ్గర నిలపాలి. రీఫ్ ట్యాంకులో సాధారణంగా ఉంచే 25, 26 డిగ్రీలు దీనికి ప్రమాదం. ఆ వేడి సముద్ర గుర్రం భరించలేనిదేమీ కాదు గానీ, విబ్రియో బ్యాక్టీరియాకు అనుకూలమైనది. విబ్రియో అంటే ఏమిటో భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల రైతులకు విడమరిచి చెప్పక్కర్లేదు. చెరువుల్ని ఖాళీ చేసే ఆ బ్యాక్టీరియా జాతే సముద్ర గుర్రాల తోకల మీద పుండ్లు పుట్టిస్తుంది. నీళ్ళు రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటే దాని జోరు తగ్గుతుంది.

ఇప్పుడు తిండి సంగతి. నా దృష్టిలో సముద్ర గుర్రంలో అన్నిటికంటే గొప్ప విషయం ఇదే. దానికి పళ్ళు లేవు, కడుపూ లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోయి, సగం సగం జీర్ణమై బయటికొచ్చేస్తుంది. అందుకే పగలంతా ఏదో ఒకటి తింటూనే ఉండాలి. గడ్డకట్టిన మైసిస్ అనే చిట్టి రొయ్యను కరిగించి దాని ముందు వదిలి గమనించండి. ముందు ఒక కన్ను తిరుగుతుంది, రెండోది మరోవైపే చూస్తుంటుంది. తర్వాత రెండు కళ్ళూ రొయ్య మీదికి వస్తాయి. తల కొద్దిగా వంచి, మూతిని దానికి అంగుళంలోపుకి తెచ్చి ఆగిపోతుంది. ఇక ఏమీ జరగదనిపిస్తుంది. అంతలో టిక్కుమని సన్నని చప్పుడు, రొయ్య మాయం. తల పైకి విసరడం, గొట్టంలాంటి మూతితో పీల్చడం రెండూ కంటికి అందవు. సముద్రపు గడ్డిలో ఉండే ఓ మరుగుజ్జు జాతిలో ఈ దెబ్బ పడటానికి పట్టే సమయం ఒక మిల్లీసెకను కంటే తక్కువ. దాని ఆహారమైన కోపెపాడ్‌లనే చిట్టి నీటి జీవులు నీటిలో చిన్న అలజడి తగిలినా ఎగిరిపోయే రకం. సముద్ర గుర్రం తల ఆకారం వల్ల మూతి కొస దగ్గర నీళ్ళు దాదాపు కదలవని 2013లో తేల్చారు. పదిసార్లు దెబ్బ వేస్తే తొమ్మిదిసార్లు తిండి చిక్కుతుంది.

ఇంత నేర్పున్న వేటగాడు క్లౌన్ చేప పక్కన పస్తుంటాడు. వేసిన మైసిస్‌ను అది ఉరికి ఉరికి తినేస్తుంది, సముద్ర గుర్రం ఇంకా తల వంచి చూస్తూనే ఉంటుంది. దీనికి రోజుకు రెండు మూడుసార్లు, ప్రశాంతంగా, వెతికి తినే వ్యవధి ఇచ్చి పెట్టాలి. మిగిలినదాన్ని గొట్టంతో తీసేయాలి, లేదంటే కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. గుడ్డు నుంచి అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి రొయ్య చిన్నపిల్లలకు బాగుంటుంది గానీ, పెద్దవాటికి అదొక్కటే పెడితే పోషకాలు చాలవు. మన తీరంలోని రొయ్యల హేచరీల్లో చేసినట్టే దానికి ముందుగా కొవ్వు ఆమ్లాలు పట్టించి వేస్తారు.

పట్టుకోవడానికి ఆధారాలు కావాలి. సముద్రపు నాచు, సార్కోఫైటాన్ లాంటి మెత్తటి పగడాలు, పగడపు కొమ్మల్లా చేసిన బొమ్మలు, ఏవైనా సరే. కుట్టే జీవులు మాత్రం వద్దు. సముద్రపు పువ్వుకు (సీ అనెమనీ) దూరంగా తప్పుకోవాలని దీనికి తెలియదు, వెళ్ళి తోక చుడుతుంది. పంపు నోటికి స్పాంజి తొడగాలి, లేకపోతే తోక లోపలికి పోతుంది. నీటి కదలిక నెమ్మదిగా ఉండాలి. కాకపోతే దాని మొప్పలు కుచ్చుల్లా ఉండి మిగతా చేపల వాటంత సమర్థంగా పనిచేయవు కాబట్టి, ఆక్సిజన్ కోసం నీటి పైభాగం మాత్రం బాగా కదులుతుండాలి.

రీఫ్ ట్యాంకు కథ దీనికి పూర్తిగా వేరు. రీఫ్ పగడాల కణాల్లో సూక్ష్మ శైవలాలు కాపురం ఉంటాయి. వెలుగుతో అవి చేసే ఆహారమే చాలా పగడాల శక్తిలో ఎక్కువ భాగం. అందుకే గట్టి లైట్లు. ఒంటి మీది జిగురును కడిగి, తిండినీ ఆక్సిజన్‌నూ తెచ్చిపెట్టేది ప్రవాహం. అందుకే బలమైన పంపులు. గట్టి పగడం రోజూ నీటిలోంచి కాల్షియాన్ని, కార్బోనేట్‌ను లాక్కుని ఎముక కట్టుకుంటుంది. లీటరు నీటిలో 400 నుంచి 450 మిల్లీగ్రాముల కాల్షియం, 8 నుంచి 10 డిగ్రీల ఆల్కలినిటీ (కార్బోనేట్ మోతాదును చెప్పే కొలత, వేడి డిగ్రీలు కావు) నిలపాలని పెంచేవాళ్ళు చూస్తారు. ఆల్కలినిటీ కొలిచే పద్ధతి సులువే. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని ద్రావణాన్ని చుక్క చుక్కగా వేయాలి. మొదటి చుక్కకు నీళ్ళు నీలమవుతాయి. ప్రతి చుక్కకూ మూత పెట్టి కలపాలి. ఏ చుక్కకు పసుపుగా మారిందో అదే లెక్క, చుక్కకో డిగ్రీ. నిన్న తొమ్మిది చుక్కలు పట్టి ఇవాళ ఎనిమిదికే మారితే, ఆ తేడా పగడాలు ఎముకగా మార్చుకున్నదే. వారం రోజుల లెక్క రాసుకుంటే మన పగడాల ఆకలి ఎంతో తెలిసిపోతుంది.

రెండు తొట్లకూ పునాది మాత్రం ఒకటే, నీళ్ళు. కుళాయి నీళ్ళలోని క్లోరిన్, రాగి, ఫాస్ఫేట్ ఇక్కడ విషంతో సమానం. ఆర్వోతో పాటు, మిగిలిన లవణాల్ని తీసేసే డీఅయనైజేషన్ కూడా చేసిన నీటిలోనే సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి, లీటరుకు 35 గ్రాముల చొప్పున. 200 లీటర్లలో 7 కిలోల ఉప్పుంటుంది. అందులో 10 లీటర్లు ఆవిరైతే ఉప్పు ఎక్కడికీ పోదు, లీటరుకు దాదాపు 37 గ్రాములకు చేరుతుంది. అందుకే ఆవిరైన మేరకు రోజూ పోయాల్సింది ఉప్పు కలపని ఆ శుద్ధి చేసిన నీళ్ళే, ఉప్పునీళ్ళు కాదు. కొత్తవాళ్ళు తరచూ తడబడేది ఇక్కడే.

తర్వాతది బ్యాక్టీరియా. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అవి నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పెరుగుకు తోడు వేసినట్టు, బ్యాక్టీరియా పట్టి ఉన్న రాయి ఒకటి పాత తొట్టిలోంచి తెచ్చి వేస్తే పని త్వరగా అవుతుంది. రాళ్ళలోని జీవాన్నే నమ్ముకుని తొట్టి నడపొచ్చని 1961లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ రాశారు. సముద్రపు రాళ్ళు, సముద్రపు నీళ్ళు, కాస్త గాలి బుడగలు, ఇంతే ఆయన ఏర్పాటు. నేటి రీఫ్ ట్యాంకుల్లో రాయికున్న ప్రాధాన్యానికి మూలం అక్కడే ఉంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగేదాకా ఏ ప్రాణినీ వదలకూడదు. సముద్ర గుర్రానికైతే ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఆగడం మంచిది.

తొట్టి నచ్చితే అవి పిల్లల్నీ పెడతాయి. మోసేది మగదే. సంచిలో గుడ్లకు ఆక్సిజన్, కాల్షియం అందిస్తూ, లోపలి ఉప్పదనాన్ని సరిచేస్తూ రెండు మూడు వారాలు మోస్తుంది. ఎరెక్టస్ ఒక కాన్పులో వందల పిల్లల్ని కంటుంది. వాటిని బతికించడమే అసలు కష్టం. సముద్రంలో పెద్దవయ్యేది వాటిలో అతి కొన్నే. తొట్టిలో అవి నీటిపైన గాలి మింగి, బుడగలా తేలుతూ చచ్చిపోతాయి. అందుకే గుండ్రటి తొట్లలో నీటిని మెల్లగా తిప్పుతూ పెంచుతారు. హవాయిలో ఓషన్ రైడర్, టాస్మానియాలో సీహార్స్ వరల్డ్ ఇలా తరతరాలుగా పెంచుతున్నాయి. అక్కడి పిల్లలకు గడ్డకట్టిన మైసిస్ తినడం అలవాటు. సముద్రంలో పట్టి తెచ్చినవి దాన్ని ఆహారంగానే గుర్తించక ఎండిపోతాయి. అందుకే తొట్టిలో పుట్టినవి తప్ప వేరేవి కొనడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ట్రాలర్ వలల్లో చిక్కి, ఎండి, చైనా మందుల వ్యాపారానికి పోయేవి ఏటా కోట్లలో ఉంటాయని అంచనా. 2004 నుంచి వీటి అంతర్జాతీయ వ్యాపారం, అంతరించే ముప్పున్న జీవుల కోసం దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం నియంత్రణలో ఉంది.

మన దేశంలో అసలు కొనే ప్రశ్నే లేదు. తమిళనాడు వైపు పాక్ జలసంధిలో, మన్నార్ సింధుశాఖలో సముద్ర గుర్రాలను విపరీతంగా పట్టేవారు. 2001లో వాటిని, రీఫ్ కట్టే పగడాలను, సముద్రపు విసనకర్రలను 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలోని మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులిని ఉంచిన జాబితా అది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా సముద్ర గుర్రం అమ్మజూపితే కొనకండి, అది జైలు శిక్ష పడే నేరం. పగడపు రాయిదీ అదే సంగతి.

ఇక్కడ ఉప్పునీటి తొట్టి పెట్టాలన్న కోరిక గట్టిగా ఉంటే హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జత చాలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని పెంచే పద్ధతిని మన దేశంలోనే అభివృద్ధి చేసింది. సముద్రపు పువ్వు లేకపోయినా అవి హాయిగా బతుకుతాయి. బ్యాక్టీరియా పట్టడానికి సిరామిక్ రాళ్ళు సరిపోతాయి. ఖర్చు ఎక్కువయ్యేది చేపలకు కాదు, మే నెలలో నీళ్ళను 27 డిగ్రీల దగ్గర ఆపే చిల్లర్‌కు. కరెంటు పోయినప్పుడు గాలి అందించడానికి బ్యాటరీ పంపు ఒకటి ముందే కొని పెట్టుకోవాలి.