కింబర్లీ గుట్టలు: తగాదా 1872లోనే మొదలైంది

చిన్నస్థాయి తవ్వకాలకు చట్టంలో చోటిచ్చే ముసాయిదా బిల్లును దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2025 మేలో బయటపెట్టింది. దాంతో కింబర్లీ పేరు మళ్లీ వినబడుతోంది. పాత వజ్రాల గనుల మట్టిగుట్టల్ని పలుగు, పార, జల్లెడతో తిరగేసే 'జామా జామా'లు దొంగలా, పొట్ట పోసుకునేవాళ్లా అన్నదే గొడవ. జులూ మాట అది, మళ్లీ మళ్లీ ప్రయత్నించడమని అర్థం.

1871 నాటి వజ్రాల వేట, సెసిల్ రోడ్స్ కథ అందరికీ తెలిసినవే. 1888లో రోడ్స్ కంపెనీ డిబీర్స్ గనుల్ని మింగేయడంతో చిన్నవాళ్ల పని అయిపోయిందని మామూలుగా రాస్తుంటారు. అసలు మలుపు అంతకు 16 ఏళ్ల ముందే వచ్చిందని నేననుకుంటాను.

అప్పటికి కింబర్లీ ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతపు గొట్టం అది. దాని నెత్తిన ఇంచుమించు 31 అడుగుల పొడవు, అంతే వెడల్పున్న వందల క్లెయిములు, అంటే ఒక్కొక్కరు తవ్వుకోవడానికి హక్కున్న గడులు, ఉండేవి. (ఆ గొట్టంలోని రాయికి కింబర్లైట్ అన్న పేరు ఈ ఊరి వల్లే వచ్చింది. మన వజ్రకరూరు నేల కిందా ఉన్నది అదే.) చుట్టుపక్కల డ్యూటోయిట్స్‌పాన్, బుల్ట్‌ఫాంటైన్ గనుల్లో నల్లజాతివాళ్లకూ క్లెయిములు ఉండేవి. లైసెన్సు తీసుకుని తమ గుంట తాము తవ్వుకునేవాళ్లు.

1872 జులైలో తెల్లవాళ్లు రెచ్చిపోయారు. కూలీలు కాజేసిన రాళ్లను నల్లజాతి క్లెయిముదారులు తమ గుంటలో దొరికినట్టు చెప్పి అమ్ముకుంటున్నారని వాళ్ల ఆరోపణ. గుడారాలు తగలబడ్డాయి. స్థానిక కమిషనర్లు బెదిరిపోయి నల్లజాతివాళ్ల లైసెన్సులు నిలిపేశారు. కేప్ గవర్నర్ హెన్రీ బార్క్లీ ఆ ఉత్తర్వు కొట్టేశాడు. అయితే ఆగస్టులో ఆయనే ఇంకో ప్రకటన తెచ్చాడు. అందులో రంగు ఊసు లేదు, 'నౌకరు' అన్న మాట ఉంది. నౌకరు ఒప్పందం రిజిస్టరు కావాలి, చేతిలో పాస్ (అనుమతి చీటీ) ఉండాలి, యజమాని వారంటు లేకుండానే సోదా చేయొచ్చు. రాసింది నౌకరు గురించే అయినా, దారిలో ఆపి పాస్ అడిగింది నల్లవాణ్నే.

గుంట లోతయ్యేకొద్దీ క్లెయిముల మధ్య దారులు కూలాయని, నీళ్లు చేరాయని, మెత్తని పసుపు మట్టి కింద గట్టి నీలిరాయి తగిలిందని, ఇక ఎవరికివారు తవ్వుకోవడం కుదరలేదని కంపెనీల పక్షం వాదిస్తుంది. ఒక్కరికి పది క్లెయిములకు మించరాదన్న నిబంధన 1876లో పోవడానికి అదే కారణమంటుంది. కాదనలేం. కానీ తవ్వే హక్కు ఎవరిదన్న మాట అంతకు నాలుగేళ్ల ముందే, గుంట ఇంకా లోతు కాకముందే తేలిపోయింది. 1882 వజ్ర వర్తక చట్టం వచ్చేసరికి నేరం చేయలేదని రుజువు చేసుకునే భారం కూడా రాయితో పట్టుబడ్డవాడి మీదే పడింది.

ఇప్పటి గుట్టల చిక్కు 2007లో మొదలైంది. డిబీర్స్, అటాక్వా కంపెనీల కేసులో ఫ్రీ స్టేట్ హైకోర్టు, 2002 ఖనిజ చట్టం అమల్లోకి రాకముందు పోసిన గుట్టలు కంపెనీ చరాస్తి అని, ఆ చట్టం వాటికి వర్తించదని తేల్చింది. అంటే ఆ గుట్టల మీద తవ్వకానికి ప్రభుత్వం పర్మిట్ ఇవ్వాలన్నా కుదరదు. కింబర్లీలో గుట్టలు కొన్న ఎకాపా, పెట్రా కంపెనీలు 2018లో సుమారు 600 హెక్టార్లు బాతో పెలె సహకార సంఘానికి వదిలాయి. వందల మంది చట్టబద్ధులయ్యారు. అక్కడ కూడా ఇచ్చింది కంపెనీలే.

సంఘంలో లేనివాళ్ల సంగతి వేరు. లైసెన్సు లేకుండా ముడి వజ్రం దగ్గర ఉంచుకోవడమే 1986 వజ్రాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి జల్లెడలో రాయి మెరిస్తే దాన్ని రహస్యంగా కొనే దళారిని వెతుక్కోవాలి, అతను చెప్పిన ధరకే ఇచ్చేయాలి.