కూర్చుని కూడా ఆడొచ్చు: నాట్యం గురించి నేను రోజూ వినే అపోహలు

అమలాపురంలో ఒక మేడమీద గదిలో ఇరవై ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అడిగే ప్రశ్నలు ఏటా అవే. జవాబులు ఒకచోట రాసిపెడితే క్లాసు టైముకి మొదలవుతుందని చిన్న ఆశ.

అపోహ: శాస్త్రీయ నాట్యమంటే గురువు చూపించింది దింపెయ్యడమే. మన సొంతమంటూ ఏమీ ఉండదు.

వాస్తవం: తాళానికి అడుగులేసే జతుల వరకు నిజమే, అక్కడ తాళం తప్పితే ఊరుకోను. ముఖంతో, చేతులతో భావం పలికించే అభినయం దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. క్షేత్రయ్య పదంలో, అంటే ఆయన ప్రేమపాటలో, ఒక్క పల్లవినే గాయని మళ్లీ మళ్లీ పాడుతుంటే, ప్రతిసారీ కొత్తగా చూపించాలి. వాటినే సంచారీలు అంటాం. మొదట్లో నావి ఇస్తాను, తర్వాత ఎవరివి వాళ్లు వెతుక్కోవాల్సిందే.

పోయినేడు ఇద్దరికి ఒకే పదం ఇచ్చాను. అందులో నాయకుడు, అంటే ప్రియుడు, రాత్రంతా వేరే ఇంట్లో గడిపి, తెల్లారి గుమ్మంలో నిలబడతాడు. డిగ్రీ చదివే అమ్మాయి కళ్లెర్రజేసి, వేలు చూపించి, తలుపు వేసేసింది. బాగానే ఉంది. యాభై దాటాక నా దగ్గర చేరిన ఇంకొకావిడ అసలు అతని వంకే చూళ్లేదు. తమలపాకు తీసి, తొడిమ తుంచి, ఈనె గీరి, సున్నం రాసి, చిలక చుట్టారు. ఇచ్చేస్తారనుకున్నాం. చెయ్యి సగం దూరం వెళ్లింది కూడా. అక్కడ ఆగి, వెనక్కి తెచ్చి, తన నోట్లోనే వేసుకుని నింపాదిగా నమిలారు. ఆ చిలక నేను నేర్పింది కాదు.

అపోహ: మోకాళ్లు పోయాక ఇంకేం నాట్యం?

వాస్తవం: ఆ చిలక చుట్టినావిడ చేసింది పీట మీద కూర్చునే. ఇది నేను కనిపెట్టిన సదుపాయమేం కాదు, మన డెల్టాదే. బల్లిపాడు మదనగోపాలస్వామి గుడి, ముమ్మిడివరం వంటి చోట్ల, గుళ్లలో ఆడిపాడే వృత్తి కళాకారిణులైన కలావంతుల ఇళ్లలో పదాన్ని కూర్చుని, తామే పాడుకుంటూ అభినయించేవారు. కాళ్లకి పని లేదు గనక చూపు, కనుబొమ, గొంతు అన్నీ పలకాలి. చేసి చూడండి, ఎగరడమే సుఖమనిపిస్తుంది!

1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన దేవదాసీ చట్టం అమ్మాయిల్ని దేవుడికి అంకితమివ్వడాన్ని ఆపింది, ఆపాల్సిందే. దాంతోపాటు గుళ్లలో, ఊరేగింపుల్లో కలావంతుల ఆటా ఆగిపోయింది. విద్య ఇళ్లలోనే ఉండిపోయింది. అక్కడికెళ్లి నేర్చుకుని, ఆంధ్రనాట్యంగా మళ్లీ వేదికెక్కించినవారు నటరాజ రామకృష్ణ గారు. స్వప్నసుందరి గారు విలాసినీ నాట్యం పేరుతో అదే పని చేశారు.

అపోహ: "మగపిల్లాడికి డాన్సెందుకని వాళ్ల తాతగారు అంటున్నారండీ."

వాస్తవం: కూచిపూడి మేళాల్లో, అంటే నాట్య బృందాల్లో, సత్యభామ జడ వేసుకున్నది మగవాళ్లే. సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారి పేరు చెప్పండి, తాతగారికే గుర్తొస్తుంది.

అపోహ: మనసులోది చెప్పడానికి ముద్రలు అడ్డం.

వాస్తవం: అభినయ దర్పణమనే పాత నాట్య గ్రంథం ఒంటిచేత్తో పట్టే హస్తాలే, అంటే ముద్రలే, 28 చెబుతుంది. మొదటిది పతాకం: వేళ్లు కలిపి చాచి, బొటనవేలు మడుస్తాం. నదికీ అదే, అలకీ అదే. ఒకరోజు పిల్లలందర్నీ పతాకంతో గోదారిని చూపించమన్నాను. అందరూ అలలు అలలుగా చెయ్యి ఊపారు. లంక గ్రామం నుంచి వచ్చే పిల్ల మాత్రం ఊపలేదు. వేళ్లు బిగించి, అరచెయ్యి నేలకి తిప్పి, చీలమండ దగ్గర పెట్టింది. కాసేపటికి మోకాలి దాకా తెచ్చింది. అక్కడ ఒకసారి కిందికి చూసి, పతాకం వదిలేసి, రెండు చేతులా బియ్యం బస్తా ఎత్తి అటక మీద పెట్టింది.