లెక్కలూ తత్వశాస్త్రమూ కలిపి చదవాలంటే

అమలాపురం

చిరంజీవులైన మనవలందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఎంపీసీ అయ్యాక లెక్కలూ తత్వశాస్త్రమూ కలిపి చదవొచ్చా అని అడిగారు. నిక్షేపంగా చదవొచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ రెండూ కలిపి ఒకే డిగ్రీ ఇస్తారు; మూడేళ్లకు బీఏ, నాలుగేళ్లు చదివితే ఎంమ్యాథ్‌ఫిల్ అనే మాస్టర్స్ డిగ్రీ.

ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో ముందు చూడండి. వాన పడితే చేలో నీళ్లుంటాయి. మరి చేలో నీళ్లున్నాయి కాబట్టి వాన పడింది అనొచ్చా? రాత్రి కాలువ తూము ఎత్తి ఉండొచ్చు కదా! డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. పరీక్షలో మాత్రం ఇదే తప్పు చేస్తారు. పదాలను వరుసగా కలుపుకుంటూ పోతే వచ్చేది శ్రేణి; ఆ మొత్తం ఒక స్థిరమైన సంఖ్యకు చేరువైతే అభిసరించింది అంటాం. శ్రేణి అభిసరిస్తే దాని పదాలు సున్నాకు చేరువవుతాయి, నిజమే. పదాలు సున్నాకు చేరువైతే శ్రేణి అభిసరిస్తుందని తిరగేసి రాస్తే తప్పు. 1 + 1/2 + 1/3 + 1/4 + … తీసుకోండి. 1/3, 1/4 రెండూ 1/4కు తగ్గవు, కలిపితే 1/2 దాటాయి. 1/5 నుంచి 1/8 దాకా నాలుగు పదాల్లో ఏదీ 1/8కి తగ్గదు, మళ్లీ 1/2 దాటింది. తర్వాతి 8 పదాలూ అంతే, ఆ తర్వాతి 16 పదాలూ అంతే. ఇలా 1/2లు వచ్చి పడుతూనే ఉంటే మొత్తం ఏ హద్దు దగ్గరా ఆగదు.

మన నైయాయికులు, అంటే న్యాయదర్శనం పండితులు, ఈ సంగతే పొగ, నిప్పులతో చెప్పారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పున్న చోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండే సాక్ష్యం. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. ఆ దాగి ఉన్న షరతును వాళ్లు ఉపాధి అన్నారు.

అంకగణితాన్నంతా తర్కం మీదే నిలబెట్టాలని జర్మన్ గణితవేత్త ఫ్రేగె పూనుకున్నాడు. ఆ పని మీద రాసిన పుస్తకం రెండో సంపుటం అచ్చులో ఉండగా, 1902 జూన్‌లో ఇంగ్లీషు తత్వవేత్త రస్సెల్ ఆయనకు ఉత్తరం రాశాడు: తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ ఒక సమితిగా కడితే, అది తనలో తాను ఉందా? ఉందంటే లేదవుతుంది, లేదంటే ఉందవుతుంది. దాంతో ఫ్రేగె వేసిన పునాదే కదిలింది. ఇక తర్కవేత్త గోడెల్ 1931లో ఇచ్చిన సిద్ధాంతాన్ని చాలామంది "మనిషి బుద్ధికి అందని సత్యాలున్నాయి" అని చెప్పేస్తారు. అది చెప్పేది అలా కాదు. తర్వాత రోసర్ మెరుగుపరిచిన రూపంలో దాని మాట ఇదీ: వైరుధ్యం లేకుండా, చాలినంత అంకగణితం ఉండి, నిరూపణను యాంత్రికంగా సరిచూడగల వ్యవస్థ ఏదైనా సరే, ఆ వ్యవస్థలో రుజువుకూ ఖండనకూ లొంగని వాక్యం ఒకటి ఉంటుందని. షరతులు వదిలేసి తత్వం మాట్లాడితే ఇలాగే అవుతుంది. పక్కన లెక్కలు ఉండాలనేది అందుకే.

గైడు బట్టీ పడితే రెండూ పోతాయి. తత్వశాస్త్రంలో "ఆయన ఇలా అన్నాడు, ఈయన అలా అన్నాడు" అని పేజీలు నింపకండి. ఒక్క వాదం తీసుకుని, దాని ఆధారవాక్యాలకు అంకెలు వేసి, వాటిలో ఒకటి కొట్టేసి, ముగింపు నిలుస్తుందా చూడండి. గట్టి ఆక్షేపణ మీరే రాసి, మీరే జవాబు చెప్పండి. లెక్కల్లో ప్రతి సిద్ధాంతానికీ ఇదే పని: ఏ షరతు నిరూపణలో ఏ వరుసలో పనికొచ్చిందో వెతకండి.

ఇక్కడే చదవాలంటే ముందు డిగ్రీలో లెక్కలు తీసుకోండి. పక్కన తర్కం సొంతంగా చదువుకుంటూ, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎంఏ ఫిలాసఫీకి వెళ్లొచ్చు. తిరగేసి వెళ్లడం కష్టం. డిగ్రీలో లెక్కలు లేకపోతే ఎమ్మెస్సీ మ్యాథ్స్ సీటు దొరకదు.

చివరగా మీకో లెక్క. ఎప్పుడూ పెరుగుతూ, ఒక హద్దు దాటని అనుక్రమం (వరుసగా సాగే సంఖ్యల జాబితా) అభిసరిస్తుంది. ఇందులో "పెరుగుతూ" కొట్టేసి ఒకటి, "హద్దు దాటని" కొట్టేసి ఒకటి, అభిసరించని అనుక్రమాలు రెండు రాసి పంపండి.

మీ తాతయ్య