హోర్సా గ్లైడర్ మోడల్: ముక్కు ఒక్కటి మారిస్తే మార్క్ 2 అయిపోదు

రెండో ప్రపంచ యుద్ధపు గ్లైడర్లలో (ఇంజిన్ లేకుండా, వేరే విమానం తాడుతో లాగితే ఎగిరేవి) మోడల్ చేసేవాళ్లు ఎక్కువగా తప్పులో కాలేసేది బ్రిటన్‌వాళ్ల ఎయిర్‌స్పీడ్ హోర్సా దగ్గర. 1941 సెప్టెంబరు 12న మొదటిసారి ఎగిరిన ఈ చెక్క గ్లైడర్ రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు 88 అడుగులు. 1/72 స్కేల్‌లో, అంటే అసలులో 72వ వంతు సైజులో కూడా 37 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి ఇందులో చేసిన పొరపాటు గదికి ఆ మూల నుంచే కనబడుతుంది. ఇందులో రెండు రకాలు: మొదట వచ్చిన మార్క్ 1, తర్వాత మార్పులతో వచ్చిన మార్క్ 2.

అపోహ: ముక్కు తెరుచుకుంటే మార్క్ 2, లేకపోతే మార్క్ 1. అంతకు మించి తేడా లేదు.

వాస్తవం: ముక్కు మూసి ఉన్నప్పుడు ఆ తేడా అంత తేలిగ్గా తెలియదు. నేను ముందు చూసేది తాడు కట్టే చోటు. మార్క్ 1ని లాగే తాడు చివర రెండు పాయలుగా విడిపోయి రెండు రెక్కలకూ తగులుకుంటుంది. మార్క్ 2కి ఒకే కొస, అది ముక్కు చక్రం కాలి దగ్గర. ఆ తర్వాత చూడాల్సింది ముక్కు చక్రమే: మార్క్ 1కి ఒంటి చక్రం, మార్క్ 2కి జంట చక్రాలు. మార్క్ 2 లోపల నేలను కూడా గట్టిపరిచారు. ఇదంతా జీపు, ఫిరంగి లాంటి బరువుల కోసం. మార్క్ 1లో జీపును కాక్‌పిట్ వెనక ఎడమవైపు తలుపు గుండా ఎక్కించి, ఆ ఇరుకులోనే తిప్పుకోవాలి. అదెంత తలనొప్పో ఆ తలుపు భాగం అతికించేటప్పుడు మీకే అర్థమవుతుంది. ముక్కే తెరుచుకుంటే నేరుగా తోసేయొచ్చు. ఈ మార్పులన్నీ ఒక సెట్. ముక్కు మార్చి తాడును రెక్కలకే ఉంచితే ఏ రకమూ కాని గ్లైడర్ తయారవుతుంది.

అందుకే కిట్ తెరవకముందే ఏ రోజు, ఏ చోటు అన్నది తేల్చుకోవాలి. 1944 జూన్ 6 అర్ధరాత్రి దాటాక నార్మండీలో కాన్ కాలువ వంతెన పక్కన దిగినవి మార్క్ 1లు. మార్క్ 2యే చేయాలని ఉంటే 1945 మార్చి 24 నాటి ఆపరేషన్ వార్సిటీ, అంటే రైన్ నది దాటిన రోజు, ఎంచుకోండి.

అపోహ: తోక ఊడిపోయిన గ్లైడర్ల ఫొటోలన్నీ ప్రమాదాలవే.

వాస్తవం: చాలావాటిలో తోకను సైనికులే కావాలని ఊడదీశారు, సామాను త్వరగా దించడానికి. మొదట్లో వెనక భాగం చుట్టూ కార్డ్‌టెక్స్ అనే పేలుడు తాడు కట్టి పేల్చేవారు. మందుగుండు నింపుకొచ్చిన చెక్క గ్లైడర్‌లో ఈ పని ఎవరికి నచ్చుతుంది? 1944 మొదట్లో ఎనిమిది బోల్టులు విప్పి, కంట్రోల్ తీగల్ని కట్టర్‌తో తెంపే పద్ధతి వచ్చింది. డయోరమా, అంటే మోడల్ చుట్టూ నేలతో సహా దృశ్యమంతా చేసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. బోల్టులు విప్పిన చోట అంచు గుండ్రంగా, శుభ్రంగా ఉండాలి. విరిగిన పుల్లలు, చీలికలు అక్కర్లేదు. తెగిన తీగలు మాత్రం రెండు వైపులా వేలాడాలి. ఎంతో ఓపికగా చేసిన మోడళ్లలో కూడా ఆ తీగలు నాకు అరుదుగా కనిపించాయి.

వంతెన దగ్గర దిగిన, సుద్దతో 91 అని రాసిన గ్లైడర్ సంగతి వేరు. అందులో వచ్చింది ఆ వంతెన దాడికి నాయకుడైన బ్రిటిష్ మేజర్ జాన్ హోవర్డ్ మనుషులు. దిగిన ఊపుకు ముక్కు నుజ్జయింది, పైలట్ జిమ్ వాల్‌వర్క్ కాక్‌పిట్ అద్దంలోంచి బయటపడ్డాడు. పుల్లలు, పగుళ్లు చూపించాలన్న సరదా ఉంటే అక్కడ తీర్చుకోండి.

అపోహ: వాడిన విమానంలా కనిపించాలంటే అంచుల్లో వెండి రంగు చిప్పింగ్ (పెయింట్ లేచిపోయి లోపలి లోహం కనబడినట్టు మచ్చలు) వేయాలి.

వాస్తవం: ఎక్కడి వెండి? హోర్సా అంతా చెక్క, ప్లైవుడ్. భాగాలు ఎక్కువగా చేసిపెట్టింది హ్యారిస్ లెబస్ లాంటి ఫర్నిచర్ కంపెనీలు. రంగు లేచిన చోట ప్లైవుడ్ కనబడాలి. రివెట్ వరసలు కూడా చెక్కకండి. జూన్ 1944 గ్లైడరైతే, మనవాళ్ల విమానమని గుర్తుపట్టడానికి మిత్రపక్షాలు వేసుకున్న నలుపు తెలుపు చారలు గీత గీసినట్టు నిటారుగా రాకపోయినా కంగారు పడొద్దు, అసలువీ హడావిడిలో వేసినవే.

అపోహ: హోర్సా మీద బ్రిటిష్ గుర్తులే ఉండాలి.

వాస్తవం: నార్మండీలో అమెరికన్లూ వీటిని వాడారు. అమెరికా నక్షత్రం వేసిన హోర్సా తప్పేమీ కాదు.

అపోహ: అనుమానం వస్తే మ్యూజియంలో ఉన్నదాన్ని చూసుకోవచ్చు.

వాస్తవం: పూర్తి అసలు హోర్సా ఒక్కటీ మిగల్లేదు. ఫ్రాన్స్‌లో రాన్‌విల్ దగ్గర పెగాసస్ మ్యూజియంలో ఉన్నది 2004లో ఆవిష్కరించిన పూర్తి సైజు నమూనా. ఒక రకంగా అదీ మోడలే, స్కేల్ 1/1! ఆకారం కోసం చూడండి, చిన్న వివరాలకు మాత్రం యుద్ధకాలపు ఫొటోలనే నమ్ముతాను.

అపోహ: మన అస్సాం నుంచి బర్మాకు వెళ్లినవీ హోర్సాలే.

వాస్తవం: 1944 మార్చి 5 రాత్రి అస్సాంలోని లాలాఘాట్ నుంచి చిండిట్ సైనికులతో (బర్మాలో జపాన్ సేనల వెనక పోరాడిన దళం) బయల్దేరినవి అమెరికన్ వాకో సీజీ-4ఏ గ్లైడర్లు. వీటి ఒళ్లు ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ, కాక్‌పిట్ మొత్తం పైకి లేస్తుంది. హోర్సా కిట్‌ను ఎంత కోసినా వాకో రాదు, దాని కిట్ వేరే కొనాల్సిందే. పైగా ఆ రాత్రి ఒక్కో డకోటా (రెండు ఇంజిన్ల రవాణా విమానం) రెండేసి గ్లైడర్లను లాగింది. 1/72లో ఒక్కో వాకోకు రెక్కలు 35 సెంటీమీటర్లు, డకోటాకు 40. తాళ్లు బాగా కుదించినా మామూలు అల్మారా చాలదు, కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి.