గిండీ టీకా, ఢిల్లీ ఫైలు

చెన్నై సైదాపేటలో మా వీధి చివర ఉన్న ఆరోగ్య కేంద్రంలో బుధవారం టీకాల రోజు. పక్కింటి నెల్లూరు వాళ్లమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చింది. రెండు వారాల పసివాడికి క్షయ టీకా బీసీజీ వేయించాలంటే తోడుగా నేనూ వెళ్లాను. సిస్టర్ ముదురు గోధుమరంగు గాజు ఆంపూల్ తీసి, మెడ చుట్టూ చిన్న పాలిథిన్ ముక్క చుట్టి, అప్పుడు విరిచింది. లోపల గాలి ఉండదు కాబట్టి ఊరికే విరిస్తే బయటి గాలి దూసుకెళ్లి పొడి ఎగిరిపోతుంది. సెలైన్ పోసి, కుదపకుండా మెల్లగా తిప్పింది. టైము రాసుకుంది. కలిపాక నాలుగు గంటలు దాటితే మిగిలింది పారేయాల్సిందే. ఎడమ భుజం మీద, చర్మం పొరలోకే, 0.05 మిల్లీలీటరు. నారింజ తొక్కలా ఒక బుడిపె లేచింది. వాడు రాగం అందుకున్నాడు.

"ఈ మందు ఎక్కడ చేస్తారమ్మా?" అని పిల్లాడి అమ్మమ్మ తమిళంలో అడిగింది. "ఎల్లాం గవర్నమెంట్ మరుందు దాన్, పాట్టి" అంది సిస్టర్. గవర్నమెంటు మందే అనేసరికి ఆవిడకు తృప్తి. నాకు మాత్రం గిండీ గుర్తొచ్చింది. మెట్రోలో సైదాపేట నుంచి రెండో స్టేషనే.

గిండీలో బీసీజీ టీకా లేబొరేటరీ 1948లో మొదలైంది. ఆ ప్రాంతానికి టీకాలు కొత్త కాదు. మశూచి టీకా మందు తయారీ కోసం 1899లో పుట్టిన కింగ్ ఇన్‌స్టిట్యూట్ కూడా అక్కడిదే. క్షయ ఇంటికొకరిని పట్టుకెళ్తున్న రోజులవి. 1951 నుంచి దేశమంతా పెద్దయెత్తున బీసీజీ వేశారు. వ్యతిరేకత కూడా ఎక్కువగా చెన్నపట్నం నుంచే వచ్చింది. ముఖ్యమంత్రి పదవి నుంచి దిగిన మరుసటి ఏడు, 1955లో, రాజాజీ బీసీజీ ఎందుకు వద్దో చెబుతూ పుస్తకమే వేశారు. తర్వాత 1968లో పక్కనున్న చెంగల్పట్టు జిల్లాలో లక్షల మందితో భారీ పరీక్ష మొదలైంది. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని అది తేల్చింది. పసిపిల్లల్లో మెదడు పొరలకు పాకే ప్రాణాంతక క్షయ నుంచి కాపాడుతుంది కాబట్టి టీకా కొనసాగింది. ఆ మచ్చ నా భుజం మీదా ఉంది, మీ భుజం మీదా ఉండే ఉంటుంది.

ఇక 2008 జనవరి. కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం మూడు ప్రభుత్వ టీకా సంస్థల ఉత్పత్తి లైసెన్సులను ఒక్కసారిగా ఆపేసింది. గిండీ లేబొరేటరీ ఒకటి. రెండోది నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్, 1907 నాటిది. మూడోది హిమాచల్‌లోని కసౌలీ కేంద్ర పరిశోధన సంస్థ, 1905 నాటిది. మూడింట్లో రెండు తమిళనాడువే. అప్పుడు కేంద్ర ఆరోగ్య మంత్రి కూడా తమిళనాడు వారే, అన్బుమణి రామదాస్. కారణం: అక్కడి భవనాలు, యంత్రాలు, పద్ధతులు మంచి తయారీ ప్రమాణాలకు తూగడం లేదు. దేశంలోని నియంత్రణ వ్యవస్థను ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షిస్తోంది, అందులో తప్పితే మన టీకాల ఎగుమతులకే ఎసరు వస్తుందన్నది ప్రభుత్వ వాదన.

ఆ వాదన ఉత్తదేమీ కాదు. పసిపిల్లల ఒంట్లోకి వెళ్లే మందు పాతబడ్డ గదుల్లో తయారైతే ఎవరైనా ఆపమనే అంటారు. అయితే ఆ గదులు బాగుచేయడానికి డబ్బు ఇవ్వాల్సింది ఎవరు? ఆరోగ్య శాఖే. లైసెన్సు ఆపింది ఎవరు? ఆ శాఖ కింది విభాగమే. టీకాలు కొనేది ఎవరు? మళ్లీ ఆ శాఖే. ఇల్లు కారుతోందని అద్దెకున్నవాణ్ని ఖాళీ చేయిస్తే, రేకులు వేయించాల్సిన యజమానిని అడిగేవాళ్లు ఎవరుంటారు?

అడగగలిగింది పార్లమెంటు సంఘమే. పార్లమెంటుకు లెక్కలు అడిగే సంఘాలు కొత్తవి కావు. ప్రజా పద్దుల సంఘం 1921 నాటిది. కానీ అది ఖర్చయిపోయిన డబ్బు గురించి అడుగుతుంది, అంటే పెళ్లయ్యాక భోజనాల లెక్క. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో వచ్చాయి. ఆరోగ్య శాఖ సంఘం రాజ్యసభ సచివాలయం కింద పనిచేస్తుంది. 31 మంది సభ్యుల్లో 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. మంత్రులకు చోటు లేదు. సమావేశాలు తలుపులు మూసుకునే జరుగుతాయి, విలేకరులు ఉండరు. కెమెరా లేకపోవడం వల్లనేమో, సొంత పార్టీ ప్రభుత్వాన్ని కూడా సభ్యులు అక్కడ గట్టిగానే నిలదీస్తారు. కార్యదర్శి స్థాయి అధికారులు వచ్చి కాగితం మీద జవాబు చెప్పుకోవాలి. అదే ఆ సంఘం బలం. సిఫార్సు చేయడమే తప్ప ఆదేశించలేకపోవడం దాని బలహీనత.

అమర్ సింగ్ అధ్యక్షతన ఆ సంఘం ఈ మూడు సంస్థల మీదే ఒక నివేదిక రాసింది. 34వ నివేదిక, 2009 ఫిబ్రవరి. ఏళ్ల తరబడి ఆధునికీకరించకుండా వదిలేసి, ప్రత్యామ్నాయం సరిగా చూసుకోకుండా తాళం వేయడాన్ని తప్పుపట్టింది. సంస్థలను మళ్లీ నిలబెట్టమంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకానూ వెళ్లింది. మాజీ ఆరోగ్య కార్యదర్శి జావిద్ చౌధురీ ఆధ్వర్యంలో ప్రభుత్వం మరో కమిటీ వేసింది. చివరికి 2010 ఫిబ్రవరిలో సస్పెన్షన్ ఎత్తేశారు. లైసెన్సు వచ్చినంత మాత్రాన మర్నాడు ఆంపూల్ బయటికి రాదు. గదులు మార్చాలి, బ్యాచులు తీయాలి, ఒక్కో బ్యాచుకూ పరీక్షలు చేయాలి. ఈలోగా చేయి తిరిగినవాళ్లు రిటైరవుతారు.

ఇంతకూ గిండీ విషయంలో అంత నిక్కచ్చిగా ఉన్న ఔషధ నియంత్రణ విభాగం మిగతా చోట్ల ఎలా ఉండేది? ఇదే స్థాయీ సంఘం 2012 మేలో, 59వ నివేదికలో, ఆ విభాగం ఫైళ్లనే తిరగేసింది. 2008 జనవరి నుంచి 2010 అక్టోబరు మధ్య 31 కొత్త మందులకు మన రోగుల మీద ప్రయోగ పరీక్షలు లేకుండానే అనుమతి ఇచ్చారని తేల్చింది. అడిగిన ఫైళ్లలో మూడు మందులవి కనపడలేదన్నారు. అన్నింటికంటే నన్ను ఆపింది నిపుణుల లేఖల సంగతి. వేర్వేరు ఊళ్ల డాక్టర్లు ఒకే మందుకు రాసిన సిఫార్సులు దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయట. కాపీ కొట్టిన పరీక్ష పేపర్లు దిద్దిన మాస్టారికి ఈ వాసన వెంటనే తెలుస్తుంది. తాళం వేసింది 2008 జనవరిలో, ఈ అనుమతుల లెక్క మొదలయ్యేదీ 2008 జనవరి నుంచే.

ఆ మరుసటి ఏడాది, 2013 ఆగస్టులో, 72వ నివేదిక. ఇది మనవాళ్లది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేశారు. నడిపింది అమెరికా సంస్థ పాత్, వెంట భారత వైద్య పరిశోధన మండలి. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ చెప్పింది. స్థాయీ సంఘం గట్టిగా పట్టుకున్నది సమ్మతి పత్రాలను. 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ సంతకాలు. అమ్మానాన్నలు అడవి పల్లెల్లో, పిల్లలు ప్రభుత్వ హాస్టల్లో, సంతకం మాత్రం వార్డెన్‌ది! ఈ నివేదికను పాత్ ఒప్పుకోలేదు. టీకా మంచిదా కాదా అన్నది వేరే సంగతి. ఆ పిల్ల తరఫున "సరే" అన్నది ఎవరు అని ఢిల్లీలో ఎవరో ఒకరు కాగితాలు లెక్కపెట్టారు, అదీ విశేషం.

మళ్లీ మన వైపు వద్దాం. గిండీ మూతపడిన రోజుల్లోనే చెంగల్పట్టులో కొత్త టీకా పార్కు మాట వినిపించింది. అది చివరికి 594 కోట్ల రూపాయల అంచనాతో, 100 ఎకరాల్లో, ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎల్‌ఎల్ చేతిలో సమగ్ర టీకా సముదాయంగా లేచింది. భవనాలు లేచాయి, యంత్రాలు వచ్చాయి, టీకాలు రాలేదు. కోవిడ్ రెండో అలలో, 2021 మేలో, ముఖ్యమంత్రి స్టాలిన్ వెళ్లి చూసి, మాకు లీజుకు ఇవ్వండని ప్రధానికి లేఖ రాశారు. ఆ నెలలో ఈ ఊళ్లో టీకా టోకెన్ కోసం తెల్లవారుజామున లైను కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఖాళీ ఫ్యాక్టరీ గంటన్నర ప్రయాణం దూరంలో ఉందని అప్పుడే పేపర్లో చదివాను.

ఆరోగ్య కేంద్రంలో సిస్టర్ కార్డు మీద తర్వాతి తేదీ రాసింది. ఆరో వారం, పెంటావాలెంట్. "మా పిల్లల రోజుల్లో డీపీటీ అనేవాళ్లు కదమ్మా, అది వెయ్యరా?" అంది అమ్మమ్మ. ఐదు జబ్బులకూ ఒకే సూది, అదీ ఇందులోనే ఉందని చెప్పింది సిస్టర్. కూనూరు, కసౌలీ చేసింది ఆ డీపీటీనే. వాటి లైసెన్సులు తిరిగొచ్చిన మరుసటి ఏడాది, 2011 డిసెంబరులో, ప్రైవేటు కంపెనీలు చేసే పెంటావాలెంట్ దేశంలో మొదట తమిళనాడు, కేరళల్లోనే పసిపిల్లల కార్డు మీదికి ఎక్కింది. అమ్మమ్మ కార్డు మడిచి పర్సులో పెట్టుకుంది. పిల్లాడు అప్పటికే నిద్రపోయాడు.