వాల్వు ఎప్పుడు మూయాలి?

ధర్మవరం నుంచి ఒక పాఠకుడు ఇలా అడిగారు: "రెండు కార్లు చూశాను. రెండూ 1.2 లీటర్ల ఇంజన్లే. ఒకదానికి ఒకే క్యామ్‌షాఫ్ట్, రెండోదానికి రెండు, పైగా వీవీటీ కూడా ఉందంటున్నారు. దీనివల్ల నాకు ఒరిగేదేమిటి?" ఒరిగేది చాలానే ఉంది. క్యామ్‌షాఫ్ట్ అంటే వాల్వులను నొక్కి తెరిచే ఉబ్బులున్న కడ్డీ. వీవీటీ అంటే వేరియబుల్ వాల్వ్ టైమింగ్, వాల్వు తెరుచుకునే, మూసుకునే వేళను మార్చే ఏర్పాటు. అయితే ముందు చూడాల్సింది క్యామ్‌షాఫ్ట్‌ల లెక్క కాదు, వాల్వు మూసుకునే వేళ. నాలుగు స్ట్రోకుల పాఠం బడిలో చదివినదే కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్ల మీద ఉన్నప్పుడు ప్రతి వాల్వూ సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. గాలిని లోపలికి వదిలే వాల్వు, క్రాంక్ 240 డిగ్రీలు తిరిగేంతసేపు తెరిచి ఉంటుందనుకుందాం. 750 చుట్ల దగ్గర ఆ వ్యవధి సుమారు 53 మిల్లీసెకన్లు. 6,000 దగ్గర ఏడు మిల్లీసెకన్లు కూడా ఉండదు. డిగ్రీలు అవే, కాలం మాత్రం ఎనిమిదో వంతు. గాలికీ బరువుంది. కదలడానికి దానికి కొంత వ్యవధి కావాలి, కదిలాక ఒక్కసారిగా ఆగమంటే ఆగదు.

కదిరి బ్రహ్మోత్సవాల నాడు బస్సెక్కే జనాన్ని తలచుకోండి. వెనక తలుపు గాలి వచ్చే వాల్వు, ముందు తలుపు పొగ పోయే వాల్వు. కండక్టరు పిలుస్తున్నంతసేపూ జనం ఎక్కుతారు. ఆయన పిలుపు ఆపగానే, అంటే పిస్టన్ అట్టడుగుకు చేరగానే, తలుపు మూసేస్తే నష్టమే. వెనక నుంచి పరుగున వస్తున్న వాళ్ల తోపుడు ఇంకా ఉంది, మరికొంచెం సేపు తెరిచి ఉంచితే ఇంకో పదిమంది లోపల పడతారు. అదే జనం పలచగా, నింపాదిగా వచ్చే రోజున తలుపు అలా తెరిచి ఉంచితే లోపల సర్దుకుంటున్న వాళ్లు తిరిగి బయటికి జారిపోతారు. తక్కువ వేగంలో పైకి లేచే పిస్టన్ గాలిని వెనక్కి నెట్టేయడం ఇదే. ఇక రెండు తలుపులూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటే? దిగేవాళ్లు వడిగా దిగుతుంటే వాళ్ల వెనక ఏర్పడే ఖాళీలోకి ఎక్కేవాళ్లు దూసుకొస్తారు. దిగేవాళ్లలో ఆ వడి లేకపోతే, దిగినవాళ్లే మళ్లీ లోపలికి వచ్చేస్తారు. కాలిన పొగ ఇలా సిలిండర్‌లోకి తిరిగి రావడం వల్లే రెండు వాల్వులనూ ఎక్కువసేపు కలిపి తెరిచి ఉంచే రేసు క్యామ్ వేసిన ఇంజన్, బండి ఆపి ఊరికే నడవనిస్తే వణుకుతుంది.

పాలిటెక్నిక్ పిల్లలు వాల్వ్ టైమింగ్ చిత్రాన్ని ఎంతో అందంగా గీస్తారు. వృత్తం, బాణాలు, డిగ్రీలు అన్నీ సరిగ్గా పెడతారు. పిస్టన్ అడుగు దాటాక కూడా వాల్వు ఎందుకు తెరిచి ఉందని అడిగితే మాత్రం చాలామంది మౌనంగా ఉండిపోతారు. వాళ్లకు ఆ జనం తోపుడు చూపించాకే చిత్రం గీయించాలని నా గట్టి నమ్మకం.

అనంతపురంలో ఏ మెకానిక్ షెడ్డులోనైనా హెడ్డు (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) దించి బల్ల మీద పెట్టినప్పుడు, క్యామ్‌షాఫ్ట్‌ను స్పానర్‌తో తిప్పనివ్వమని అడిగి చూడండి. కోడిగుడ్డు మొనలాంటి ఉబ్బు వాల్వును నొక్కుతున్నంతసేపూ స్ప్రింగు చేతిని గట్టిగా ఎదిరిస్తుంది. మొన దాటగానే షాఫ్ట్ తనంతట తానే ముందుకు దూకుతుంది. వాల్వును మూసేది ఆ స్ప్రింగే. క్యామ్‌కూ వాల్వుకూ మధ్యలో కదిలే భాగాల బరువు పెరిగితే అధిక వేగంలో స్ప్రింగు వెనకబడుతుంది. 1,489 సీసీ అంబాసిడర్ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ కింద బ్లాకులో ఉండేది. పుష్‌రాడ్లనే పొడవాటి కడ్డీలు, రాకర్లనే మీటలు దాటాకే కదలిక వాల్వుకు చేరేది. 1983 చివర్లో వచ్చిన మారుతి 800లో క్యామ్‌షాఫ్ట్ హెడ్డు మీదికి ఎక్కింది, పుష్‌రాడ్లు పోయాయి. రెండు క్యామ్‌షాఫ్ట్‌ల పద్ధతి కొత్తదేమీ కాదు, 1912లోనే పెజో రేసు కారులో ఉంది. దాని అసలు విలువ తర్వాత తెలిసింది. గాలికి ఒక షాఫ్ట్, పొగకు ఒక షాఫ్ట్ ఉంటే, ఒకదాన్ని కదపకుండా రెండోదాన్ని ముందుకో వెనక్కో జరపవచ్చు. ఒకే షాఫ్ట్ ఉంటే, మామూలుగా, జరిపినప్పుడు రెండూ కలిసే జరుగుతాయి.

ఆ జరపడమే వీవీటీ. అమ్మకానికి వచ్చిన కార్లలో దీన్ని మొదట, 1980లో, ఆల్ఫా రోమియో పెట్టింది. ఇప్పటి కార్లలో క్యామ్‌షాఫ్ట్ చివరి పళ్లచక్రం లోపల రెక్కలున్న రోటర్ ఉంటుంది. ప్రతి రెక్కకూ అటూ ఇటూ ఇంజన్ ఆయిల్ నిండే గదులు. కంప్యూటర్ ఆజ్ఞతో కరెంటుతో పనిచేసే ఒక చిన్న సోలినాయిడ్ వాల్వు ఏ గదిలోకి ఆయిల్ పంపితే, రోటర్ దానికి ఎదురువైపుకు జరుగుతుంది, దానితోపాటే క్యామ్‌షాఫ్ట్ కూడా. కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో, గువ్వలచెరువు ఘాట్‌లో నిండు బరువుతో తక్కువ చుట్ల మీద ఎక్కేటప్పుడు వాల్వు త్వరగా మూసుకుంటుంది. చదునైన హైవే మీద ఇంజన్‌ను గట్టిగా లాగించినప్పుడు ఆలస్యంగా మూసుకుంటుంది. పికప్ కోసం మైలేజీని పూర్తిగా వదులుకోవాల్సిన అవసరం అలా తగ్గింది.

ఈ పని చేసేది ఆయిలేనని మరిచిపోకండి. కసాపురం ఆంజనేయస్వామి గుడి ముందు కొత్త బండికి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి మరీ బయలుదేరుతాం. మంచిదే, మనసుకు ధైర్యం. కానీ గడువు దాటిన ఆయిల్ జిడ్డుగట్టి ఆ సన్నని దారులు పూడుకుపోతే నిమ్మకాయ కాపాడదు. ఆయిల్ మార్చే తేదీని కూడా పూజ తేదీ అంత నిష్ఠగా గుర్తుపెట్టుకోవాలి.

ఎంత జరిపినా ఉబ్బు ఆకారం మాత్రం మారదు. హోండా 1989లో వీటెక్‌తో దానికి దారి చూపింది. అటూ ఇటూ తక్కువ ఎత్తున్న ఉబ్బులు, మధ్యలో ఎత్తైనది. వేగం పెరిగాక ఆయిల్ ఒత్తిడితో ఒక పిన్ను రాకర్లను కలిపేస్తే, వాల్వులు మధ్య ఉబ్బు చెప్పినట్టు ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెరుచుకుంటాయి. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం నుంచి కార్లు రావడం మొదలైన 2019లోనే, దాని సోదర సంస్థ హ్యుందాయ్ కొరియాలో సీవీవీడీ అనే మరో పద్ధతి తెచ్చింది. అందులో క్యామ్ తిరిగే వేగం చుట్టు పొడవునా ఒకేలా ఉండదు. ఒక మోటారు మధ్య లంకెను కేంద్రం నుంచి కొద్దిగా పక్కకు జరుపుతుంది. దాంతో వాల్వును నొక్కే భాగంలో క్యామ్ నెమ్మదించి, మిగతా చుట్టులో ఆ ఆలస్యాన్ని పూడ్చుకుంటుంది. లంకెను దానికి ఎదురువైపుకు జరిపితే నొక్కే భాగంలోనే వేగం పెరుగుతుంది. ఉబ్బు అదే, వాల్వు తెరిచి ఉండే వ్యవధి మాత్రం కోరినంత పెరుగుతుంది, తగ్గుతుంది.