ఆంకోర్ వెళ్తున్న పిల్లలకు

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

చదువులో భాగంగా కంబోడియా వెళ్తున్నారని తెలిసి చాలా సంతోషించాను. బయల్దేరే ముందు ఒక్క మాట. మన వైపు నుంచి అక్కడి పాత రాజధాని ఆంకోర్ వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడి విష్ణువునీ, హనుమంతుణ్ణీ, కురుక్షేత్రాన్నీ చూసి "ఇదంతా మనదే" అని మురిసిపోయి వెనక్కి వస్తారు. అలా చేయకండి. ఆ గుళ్లు కట్టించింది ఆ దేశపు ఖ్మేర్ జాతి రాజులు, చెక్కింది ఖ్మేర్ శిల్పులు. మనకు తెలిసిన కథ వాళ్ల చేతిలో ఎక్కడ మారిందో పట్టుకోండి. అసలు చరిత్ర అక్కడే ఉంటుంది.

ఆంకోర్ వాట్‌తో మొదలుపెట్టండి. 12వ శతాబ్దం మొదటి సగంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన గుడి ఇది. ముఖం పడమరకు ఉంటుంది. పడమటి ద్వారంలో లోపలికి వెళ్లి, చిత్రాలున్న వసారా చేరాక కుడివైపు తిరగండి. ముందు కురుక్షేత్రం, తర్వాత దక్షిణపు గోడ మీద రాజుగారి ఊరేగింపు, స్వర్గనరకాలు, తూర్పున క్షీరసాగర మథనం వస్తాయి. ఇలా నడుస్తుంటే గోడ మీ ఎడమచేతి వైపు ఉంటుంది, అంటే ప్రదక్షిణకు ఎదురు దిశ. మన ఇళ్లలో అపరకర్మల్లో ఇలా ఎదురు దిశలో తిరగడం చూసినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది. ఇది రాజు అంత్యక్రియల కోసం ఉద్దేశించిన ఆలయమని కొందరు పండితులు వాదించడానికి ఈ దిశ ఒక కారణం. పడమర విష్ణువుకు చెందిన దిక్కు కాబట్టి ముఖం అటు పెట్టారని మరికొందరంటారు. రెండు వాదనలూ రాసుకోండి, తీర్పు చెప్పే తొందర వద్దు.

క్షీరసాగర మథనం దగ్గర కనీసం గంట కూర్చోండి. దాదాపు 49 మీటర్ల పొడవునా ఒకే దృశ్యం. ఎడమవైపు 92 మంది అసురులు, కుడివైపు 88 మంది దేవతలు, మధ్యలో కూర్మం మీద మందరపర్వతం, దాని ముందు విష్ణువు. దేవతల వరుస చివర వాసుకి తోక పట్టుకున్న పెద్ద వానరాన్ని హనుమంతుడిగా చెబుతారు. మనం విన్న కథలో ఆయన అక్కడ లేడు కదా! ఇలాంటివే మీ నోటుపుస్తకంలోకి ఎక్కాలి.

వెలుతురు విషయంలో చాలా బృందాలు పొరబడతాయి. తూర్పు గోడ మీద ఉదయం, పడమటి గోడ మీద మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ఏటవాలుగా పడి చెక్కడం లోతు కనిపిస్తుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అదే బొమ్మ చదునుగా, చప్పగా ఉంటుంది. అందుకే ఈ గుడికి రెండుసార్లు వెళ్లండి. సూర్యోదయం కోసం కొలను దగ్గర గుమిగూడిన జనం ఆ తర్వాత ఫలహారాలకు వెళ్లిపోతారు. మీరు అప్పుడే నేరుగా తూర్పు వసారాకు నడవండి. గోడను మాత్రం ముట్టుకోవద్దు. ఊరేగింపు దృశ్యంలో కొన్ని బొమ్మలు నల్లగా మెరుస్తుంటాయి. అది యాత్రికుల చేతుల రాపిడి.

బాయన్‌కు తప్పకుండా అరపూట ఇవ్వండి, నా లెక్కలో చరిత్ర విద్యార్థికి అన్నిటికంటే విలువైన గోడలు అక్కడే ఉన్నాయి. 12వ శతాబ్దం చివర ఏడవ జయవర్మ మొదలుపెట్టిన గుడి అది. అందరూ పైనున్న పెద్ద ముఖాల ఫొటోలు తీసుకుని దిగిపోతారు. మీరు కింది బయటి వసారాలో దక్షిణపు గోడ దగ్గర ఆగండి. పొరుగున ఉన్న చంపా రాజ్యపు చామ్ సైన్యంతో పడవల యుద్ధం జరుగుతుంటుంది, ఆ దృశ్యం కింది వరుసలోనే బజారు, వంట, కోడిపందెం, ప్రసవిస్తున్న స్త్రీ కనిపిస్తారు. ఆ కాలంలో రాజభవనంతో సహా ఇళ్లన్నీ చెక్కతో కట్టినవే, ఒక్కటీ మిగల్లేదు. రాయి దేవుళ్ల ఇళ్లకే. కాబట్టి మామూలు మనిషి ఎలా బతికాడో కళ్లతో చూడాలంటే ఈ గోడే ఆధారం. 1296లో అక్కడికి వచ్చిన చైనా రాయబార బృందంలోని జౌ దాగ్వాన్, వ్యాపారమంతా ఆడవాళ్లదేనని రాశాడు. గోడ మీది బజారులో అమ్ముతున్నది ఎవరో మీరే చూసి పోల్చండి.

శాసనాలదీ ఇదే సంగతి. చాలా శాసనాల్లో సంస్కృత పద్యాలు దేవుణ్ణీ రాజునూ పొగుడుతాయి, పాత ఖ్మేర్ వచనం భూములనూ పనివాళ్లనూ లెక్కపెడుతుంది. సంస్కృతం వచ్చు కదా అని అంతటితో ఆగితే మనుషులు జారిపోతారు. సంస్కృత శాసనాల్లోనూ లెక్కలు దొరుకుతాయి. 1186 నాటి తా ప్రోమ్ శాసనం ఆ ఒక్క గుడి సేవకు 3,140 గ్రామాలు, 79,365 మంది అని చెబుతుంది. అక్కడ చెట్ల వేళ్ల ముందు ఫొటో దిగేటప్పుడు, ఇంతమందికి బియ్యం ఎక్కడ పండిందని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. జవాబు కోసం 8 కిలోమీటర్ల పొడవున్న పశ్చిమ బరాయ్ చెరువు చూడాలి. శాసనాల్లో సంవత్సరాలు మన పంచాంగంలోలాగే శాలివాహన శకంలో ఉంటాయి. 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది.

ఇక ఏర్పాట్లు. మూడు రోజుల టికెట్టు 62 డాలర్లు, దాన్ని పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. దాని మీద మీ ఫొటో ఉంటుంది, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. డాలరు నోటు కాస్త చిరిగినా తీసుకోరు, బ్యాంకులోనే కొత్తవి అడగండి. ఆంకోర్ వాట్ పై అంతస్తు ఎక్కాలంటే భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. చేతుల్లేని చొక్కా మీద చున్నీ కప్పుకుంటే కుదరదంటారు. బౌద్ధుల పర్వదినాల్లో ఆ అంతస్తు మూసేస్తారు, తేదీలు ముందే చూసుకోండి. వసారాలు ఇరుకు, గైడు మాట పదిపన్నెండు మందిని దాటి వినపడదు, అంతకంటే ఎక్కువమంది ఉంటే ఇద్దరు గైడ్లను పెట్టుకోండి. రోజుకు రెండు గుళ్లు చాలు. అయిదు చూస్తే రాత్రికి ఏది ఏదో గుర్తుండదు. శాకాహారులు చేపల రసం కూడా వద్దని విడిగా చెప్పాలి, కూరగాయల వంటల్లోనూ అది పడుతుంది. మారుమూల గుళ్ల దగ్గర దారి వదిలి పొదల్లోకి వెళ్లకండి. ఆ దేశంలో పాతిపెట్టిన మందుపాతరలు ఇంకా పూర్తిగా తీయలేదు.

రాజధాని నమ్‌పెన్‌ను చివరకు ఉంచండి. 1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి వరకు సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో పదిహేను నుంచి ఇరవై లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ నగరంలోని టూల్ స్లెంగ్ ఒకప్పుడు ఉన్నత పాఠశాల, తరగతి గదులనే చెరసాల చేశారు. అక్కడికి ఉదయం వెళ్లండి, ఆ మధ్యాహ్నం ఇంకేమీ పెట్టుకోవద్దు. సెల్ఫీలు అసలే వద్దు. లోపలికి రాలేనన్నవాళ్లను బలవంతపెట్టకండి, వాళ్లకు తోడుగా ఒక ఉపాధ్యాయుడు ఆవరణలో ఉండాలి. మీ గైడు ఇంట్లోవాళ్లకు ఏమైందని మీరుగా అడగవద్దు. తనంతట తాను చెబితే రాసుకోవడం ఆపి వినండి. అందులో ఏ మాటైనా మీ నివేదికలో రాయాలనుకుంటే ఆయన అనుమతి తీసుకోండి.

మీ క్షేమం కోరే
తాతయ్య